నడక కుదిరింది, ఉప్పు కుదరడం లేదు: గుండె జబ్బు ఉన్నవారి ఇళ్లలో ఏం చేస్తున్నారు?

గోదావరి కోడలు:
మా మామగారికి స్టెంట్ వేసిన తరువాత, రోజూ నడవమనీ, ఉప్పు బాగా తగ్గించమనీ వైద్యులు చెప్పారు. నడకకు ఆయన వెనుకాడరు. హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న కె.బి.ఆర్. పార్కుకు పొద్దున్నే వెళ్లి, చెట్ల నీడన తిరిగి, నెమళ్ల కబుర్లు మోసుకొస్తారు. చిక్కంతా భోజనం దగ్గరే. ఆవకాయ లేనిదే ఆయనకు ముద్ద దిగదు. ఎవరి ఇంట్లోనైనా దారి దొరికి ఉంటే దయచేసి తెలుపగలరు.

విశాఖ మాస్టారు:
అమ్మా, పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక టీ చెంచా. ఊరగాయలో, అప్పడంలో, మజ్జిగ మిరపకాయల్లో ఉన్నది కూడా అందులో భాగమే. కూరలో ఉప్పు తగ్గించి పక్కన మాగాయ వడ్డిస్తే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. ఊరగాయ నిల్వ ఉండేదే ఉప్పు వల్ల కనుక, అందులో ఉప్పు తగ్గించాలని చూస్తే బూజు పడుతుంది. అందుకని మా ఇంట్లో జాడీని అటక ఎక్కించి, బీరపొట్టు, దోసకాయ, గోంగూర వంటి రోటిపచ్చళ్లు ఏ రోజుకారోజు చేసుకుంటున్నాము. పులుపూ, కారమూ, ఇంగువ పోపూ సరిగా పడితే ఉప్పు తగ్గిన సంగతి నాలుక అంతగా పట్టించుకోదు. నేను బీచ్ రోడ్డులో నడిచి వచ్చేసరికి బాగా ఆకలి వేస్తుంది కాబట్టి, చప్పిడి పప్పు కూడా ఇష్టంగానే తింటున్నాను.

ఓరుగల్లు నివాసి:
చెట్ల మధ్య నడిస్తే ప్రత్యేకంగా మేలు కలుగుతుందా, లేక ఎక్కడ నడిచినా ఒకటేనా అన్నది నా సందేహం. ఇంగ్లండులో దాదాపు 20 వేల మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. అయితే ఆరోగ్యం బాగున్నవారే బయటికి ఎక్కువగా వెళతారని కూడా అనుకోవచ్చు గదా! నా మట్టుకు నేను, ట్రెడ్‌మిల్‌పై పావుగంటకే విసుగెత్తినా, చెరువు గట్టున గంటసేపు నడవగలను. ఆ కారణం చాలు. చలికాలంలో మాత్రం పొగ నేలకు దగ్గరగా నిలిచి ఉంటుంది కాబట్టి, ఎండ కాస్త వచ్చాకే బయలుదేరడం మంచిది.

మందుల దుకాణం నుంచి:
రెండు జాగ్రత్తలు చెప్పదలచుకున్నాను. సోడియం తక్కువ ఉప్పు పేరుతో అమ్మే పొట్లాల్లో సాధారణంగా పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దాన్ని వాడకూడదు. అలాగే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవారు ఆకుకూరలను మానవలసిన పని లేదు గాని, ఒక వారం విపరీతంగా తిని మరుసటి వారం ముట్టకపోతే మందు పనిచేసే తీరు తారుమారవుతుంది.

గోదావరి కోడలు:
అందరికీ ధన్యవాదాలు. ఆ ఉప్పు పొట్లం మొన్ననే కొన్నాము, ఇంకా విప్పలేదు. మందుల చీటీ వైద్యునికి చూపించి అడుగుతాము. మాస్టారు గారూ, బీరపొట్టు పచ్చడిలో చింతపండు వేస్తారా, నిమ్మరసం పిండుతారా?

విశాఖ మాస్టారు:
చింతపండేనమ్మా. నువ్వులు వేయించి కలిపితే ఉప్పు ఇంకాస్త తగ్గించినా రుచి నిలుస్తుంది.