అమెరికా కాంగ్రెస్‌లో దిగువ సభ, అదే హౌస్, చేతులు మారితే కొత్తగా వచ్చినవాడికి ఏం మారుతుంది?

కొత్త మెంబర్, ఇర్వింగ్ (జనవరి 8, 2023)

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. నాది ఏలూరు. నవంబరులో హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద వచ్చాను, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇద్దరు రూమ్మేట్లతో ఉంటున్నాను. శుక్రవారం రాత్రి నాన్నగారి స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లాను. టీవీలో సినిమా కాదు, కాంగ్రెస్ సమావేశాలు చూపించే సీ-స్పాన్. రిపబ్లికన్ల నాయకుడు కెవిన్ మెకార్తీ హౌస్ స్పీకర్ అవుతాడా లేదా అని ఇద్దరు అంకుల్స్ మధ్య పందెం. ఒకాయన "ఇన్నాళ్లకి హౌస్ మనకొచ్చింది, ఇక ట్యాక్సులు తగ్గుతాయి" అంటారు. రెండో ఆయన "మనకా? అందులో మీ వాటా ఎంతేంటి?" అంటారు. పద్నాలుగో రౌండ్ ఓటింగ్ తర్వాత సభలో ఒకాయన ఇంకొకాయన మీదికి వెళ్లబోతే వెనకనుంచి మొహం పట్టుకుని లాగారు చూశారుగా, సరిగ్గా అప్పుడే మా అంకుల్స్ కూడా సోఫాలోంచి లేచారు. రెండో ఆయన పెరుగన్నం తినకుండానే కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయారు. ఆంటీ ఆయన కంచం మీద ఇంకో ప్లేటు బోర్లించి, "నువ్వే పార్టీ బాబూ?" అని నన్నడిగారు. "నాకింకా డ్రైవింగ్ లైసెన్సే రాలేదండీ" అన్నాను.

నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. హౌస్ మారితే నా వీసాకి, ముందు ముందు గ్రీన్ కార్డుకి ఏమన్నా తేడా ఉంటుందా? మొదటి అంకుల్ వచ్చే నెల ఏదో ఫండ్‌రైజర్‌కి రమ్మన్నారు. 250 డాలర్లు ఇస్తే నాయకుడితో ఫొటో అట. వెళ్లనా?

ఫ్రిస్కో బిజినెస్

వెళ్లు తమ్ముడూ, పరిచయాలు పెరుగుతాయి. ఇక తేడా అంటావా, మనవాళ్లకి డెమోక్రాట్లంటే గుడ్డి ప్రేమ. చరిత్ర చూసుకో. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న కోటా ఎత్తేసే బిల్లు 2011 నవంబరులో హౌస్‌లో 389-15తో నెగ్గింది. అప్పుడు హౌస్ ఎవరిది? రిపబ్లికన్లది. బిల్లు పెట్టిందెవరు? యూటా రిపబ్లికన్ జేసన్ చేఫెట్జ్. 2019లో సెనేట్‌లో రిపబ్లికన్ మైక్ లీ పెట్టిన అలాంటి బిల్లుకే అడ్డం పడిందెవరు? డెమోక్రాట్ డిక్ డర్బిన్. ఇంతకంటే ఏం కావాలి?

ఎడిసన్ అక్క

సగం చెప్పి ఆపేశారేం? 2011 బిల్లుని సెనేట్‌లో పట్టుకుని కూర్చున్నది మీ చక్ గ్రాస్లీనే కదా. 2013లో సెనేట్ 68-32తో పాస్ చేసిన పెద్ద ఇమిగ్రేషన్ బిల్లుని అప్పటి స్పీకర్, మీ జాన్ బేనర్ హౌస్‌లో ఓటింగుకే పెట్టలేదు.

నా సంగతి చెప్తా. 2010లో హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వచ్చాను. ఎంటెక్ సర్టిఫికెట్లు అయిదేళ్లు సూట్‌కేసు అడుగునే ఉన్నాయి, నాఫ్తలిన్ ఉండలతో సహా. 2015 మేలో హెచ్-4 వాళ్లకి పని చేసుకునే అనుమతి వచ్చింది. ఇచ్చింది ఒబామా ప్రభుత్వం. ఆ తర్వాత దాన్ని ఎత్తేస్తామని నాలుగేళ్లు బెదిరించింది ఎవరో మీకూ తెలుసు. ఆ నాలుగేళ్లూ నేను ఆఫీసుకి వెళ్తూ కూడా సూట్‌కేసు ఖాళీ చేయలేదు. నాది గుడ్డి ప్రేమ కాదు.

ఫ్రిస్కో బిజినెస్

అక్కా, అది కాంగ్రెస్ ఇచ్చింది కాదు, ప్రభుత్వం ఇచ్చిన రూలు. ఇక్కడ అడిగింది హౌస్ గురించి.

ఎడిసన్ అక్క

అదే నేనూ అంటున్నా. కాంగ్రెస్ ఏమిచ్చిందో మీరే చెప్పండి.

డాలస్ పాతకాపు (2005 బ్యాచ్)

మీ ఇద్దరూ చెప్పిన తారీకులన్నీ నిజమే. కానీ తమ్ముడికి పనికొచ్చేది ఇంకా ఎవరూ చెప్పలేదు.

తమ్ముడూ, శుక్రవారం నువ్వు చూసింది వందేళ్లకోసారి జరిగే తతంగం. మొదటి రౌండులోనే స్పీకర్ తేలకపోవడం 1923 తర్వాత ఇదే మొదలు. రిపబ్లికన్లు గెలిచింది 222, డెమోక్రాట్లు 213. అంటే నలుగురైదుగురు అలిగితే చాలు, బండి ఆగిపోతుంది. ఇక్కడ అలిగింది ఇరవై మంది. పేరు పేరునా పిలిచి ఓట్లేయిస్తారు. ఫలానా మనిషికి అని పడ్డ ఓట్లలో సగానికి పైగా రావాలి. ఎవరైనా "ప్రెజెంట్" అంటే ఆ ఓటు లెక్కలోంచి పోతుంది. మెకార్తీ చివరికి గట్టెక్కింది అలాగే. ఆరుగురు "ప్రెజెంట్" అన్నారు, మిగిలినవి 428, ఈయనకి 216. మా ఇంట్లో అప్పటికి రాత్రి పదకొండున్నర. స్పీకర్ లేడు కాబట్టి సభకి రూల్స్ లేవు, రూల్స్ లేవు కాబట్టి సీ-స్పాన్ కెమెరాలకి అడ్డు లేదు, అందుకే ఆ మొహం పట్టి లాగడం నీకు అంత దగ్గరగా కనపడింది. మామూలు రోజుల్లో అయితే సభ చెప్పిన వైపే కెమెరా.

ఇప్పుడు అసలు సంగతి. హౌస్ చేతులు మారితే మారేది స్పీకర్ చేతిలో సుత్తి, అంటే సభని నడిపే అధికారం. ఏ బిల్లు బల్ల మీదికి రావాలో, ఏ కమిటీ ఎవరిని పిలిచి నిలదీయాలో అది పట్టుకున్నవాళ్ల ఇష్టం. ఇమిగ్రేషన్ బిల్లులన్నీ జ్యుడీషియరీ కమిటీ గడప దాటి రావాలి. నిన్నటిదాకా అక్కడ ఇమిగ్రేషన్ సబ్‌కమిటీ జో లాఫ్‌గ్రెన్ చేతిలో ఉండేది. కోటా ఎత్తేసే బిల్లు 2019లో ఆవిడ పెట్టిందే, 365-65తో నెగ్గింది. సెనేట్ దాన్ని 2020 డిసెంబరు 2న వేరే మార్పులతో ఒప్పుకుంది. రెంటినీ అతికించేలోగా జనవరి 3 వచ్చేసింది. రెండేళ్ల కాంగ్రెస్ ముగిస్తే పెండింగ్ బిల్లులన్నీ పోతాయి, మళ్లీ ఓనమాల నుంచి మొదలు. మొన్న డిసెంబరులో అదే కోటా ఎత్తేసే ఈగిల్ యాక్ట్ అన్నారు, వైట్‌హౌస్ కూడా సరే అంది, ఓట్లు చాలవని తెలిసి ఓటింగుకి ముందే వెనక్కి తీసుకున్నారు. అదీ ఈ జనవరి 3న పోయింది. ఇక జ్యుడీషియరీ జిమ్ జోర్డాన్ చేతికి. ఆయన ధ్యాస సరిహద్దు మీద, బైడెన్ ప్రభుత్వాన్ని బోనెక్కించడం మీద. మన గ్రీన్ కార్డు క్యూ గురించి ఆయనకి కల కూడా రాదు.

సెనేట్ డెమోక్రాట్లకి 51-49. అక్కడ మామూలు బిల్లు ముందుకు కదలాలంటే 60 కావాలి. పైన బైడెన్ సంతకం. కాబట్టి రెండేళ్ల పాటు మనకి పెద్ద మేలూ జరగదు, పెద్ద కీడూ జరగదు అని నా అంచనా. గ్రీన్ కార్డు వంతు ఎవరిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌లో ఈ నెల ఇండియా ఈబీ-2 (పెద్ద చదువుల ఉద్యోగ కోటా) తారీకు 2011 అక్టోబరు. అంటే ఫ్రిస్కో తమ్ముడు చెప్పిన ఆ 389 ఓట్ల బిల్లు రోజుల్లో లైన్లో నిలబడ్డవాడికే ఇంకా వంతు రాలేదు. ఈ మధ్యలో హౌస్ రెండుసార్లు చేతులు మారింది.

అలాగని కాంగ్రెస్ ఏమీ ఇవ్వలేదనకండి అక్కయ్యా. ఆరేళ్లు దాటాక కూడా హెచ్-1బి పొడిగించుకుంటున్నామే, అది 2000 అక్టోబరు చట్టం. సెనేట్‌లో 96-1. కాంగ్రెస్ రిపబ్లికన్లది, సంతకం క్లింటన్‌ది. మనందరం ఇన్నేళ్లుగా ఇక్కడ అద్దెలు కడుతున్నది ఆ ఒక్క చట్టం పుణ్యాన. ఆ రోజుల్లో కంపెనీలకి మనుషులు కావాల్సి వచ్చింది, రెండు పార్టీలూ కళ్లకద్దుకున్నాయి.

నిన్ను నిజంగా తాకేది షట్‌డౌన్, అంటే బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం. నేను తిన్న దెబ్బ చెప్తా. 2010 ఎన్నికల్లో రిపబ్లికన్లు 63 సీట్లు లాక్కుని హౌస్ తీసుకున్నారు. సెనేట్ డెమోక్రాట్ల దగ్గరే ఉండిపోయింది. ఆ లాగులాటలో 2013 అక్టోబరు 1, మంగళవారం, ప్రభుత్వం మూతపడింది. నాకు కొత్త ఉద్యోగం ఆఫర్ చేతిలో ఉంది. లాయరు ఎల్‌సీఏ (హెచ్-1బికి ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాల్సిన కాగితం) వేద్దామని పొద్దున్నే కూర్చుంటే లేబర్ డిపార్ట్‌మెంట్ సైటే లేదు. ఎల్‌సీఏ లేకపోతే ట్రాన్స్‌ఫర్ లేదు. ఇప్పుడున్న అరవై రోజుల గడువు అప్పుడు లేదు, ఉద్యోగం ఆగిన రోజే స్టేటస్ ఆగినట్టు. పదహారు రోజులు ఆ పేజీని రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా. మా ఆవిడ ఆ పదహారు రోజులూ ఉప్మానే చేసింది, సరుకులకి వెళ్దామంటే నేను లేస్తేగా. పాత కంపెనీ దయతలచి పేరోల్‌లో ఉంచింది కాబట్టి సరిపోయింది.

2018 చివర్లో మొదలైన షట్‌డౌన్ 35 రోజులు నడిచింది, దాని మధ్యలోనే హౌస్ డెమోక్రాట్లకి మారింది. కానీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ముందే డబ్బు కేటాయించి ఉంది, ఎల్‌సీఏలు ఆగలేదు. కాబట్టి షట్‌డౌన్ అనగానే కంగారు పడకు, ఏ శాఖకి డబ్బు ఆగిందో చూసుకో. వీసా, గ్రీన్ కార్డు దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ మన ఫీజుల మీదే నడుస్తుంది, అది చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఇప్పుడున్న బడ్జెట్ సెప్టెంబరు 30 దాకా. ఒక్క సభ్యుడు లేచినా స్పీకర్‌ని దించే తీర్మానం పెట్టొచ్చని మెకార్తీ ఒప్పుకుని ఆ కుర్చీ ఎక్కాడు. అలాంటి మనిషి బడ్జెట్ మీద రాజీకి ఎంత జంకుతాడో ఊహించుకో. నీకు ఉద్యోగం మార్పు గానీ పెర్మ్ (గ్రీన్ కార్డుకి ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ అనుమతి) గానీ ఉంటే లాయరుతో ఇప్పుడే చెప్పు, ఆగస్టులోపు కాగితాలు పడాలని.

ఫండ్‌రైజర్‌కి మాత్రం పైసా ఇవ్వకు. గ్రీన్ కార్డు లేని విదేశీయులు ఇక్కడ ఏ ఎన్నికకీ చందా ఇవ్వకూడదు. స్కూల్ బోర్డుకి కూడా. అంకుల్ "నా పేరు మీద వేస్తాలే, నువ్వు క్యాష్ ఇవ్వు" అంటే అది ఇంకో నేరం. జీతం తీసుకోకుండా కుర్చీలు సర్దినా, కరపత్రాలు పంచినా తప్పులేదు.

షాంబర్గ్ తమ్మి

పాతకాపు అన్న ఒకటి మర్చిండు. తమ్మీ, లైసెన్సుకు పోయినప్పుడు ఫారంల "ఓటరుగా నమోదు చేసుకుంటరా" అని ఉంటది. కౌంటర్ల ఉన్నామె ఊకె గడగడ అడుగుతది, మనం అలవాటు కొద్దీ యెస్ యెస్ అంటం. ఆడనే కొంప మునుగుతది. సిటిజన్ అని అబద్ధం సంతకం పెట్టినట్టయితది, గ్రీన్ కార్డుకు జీవితాంతం అడ్డమే, మాఫీ చేపిచ్చుకునే దారి కూడా దాదాపు లేదు. నా పాత రూమ్మేటు ఒకడు గట్లనే టిక్ పెట్టిండు, ఓటరు కార్డు ఇంటికొచ్చినంక వణుకు పుట్టి లాయరు దగ్గరికి ఉరికిండు. టెక్సస్‌ల లైసెన్సు లిస్టుల నుంచి జ్యూరీ డ్యూటీకి కూడా పిలుస్తరు. ఆ కాగితం పారెయ్యకు, సిటిజన్ కాదు అన్న డబ్బాల టిక్ పెట్టి పంపు.

ఇంకోటి. ఓటు లేకున్నా మీ ఏరియా కాంగ్రెస్ మెంబరు నీకు పనికొస్తడు. మా ఇంటామె పాస్‌పోర్టు స్టాంపింగుకు పోయి రెండు నెలలు ఇరుక్కున్నది. మెంబరు లోకల్ ఆఫీసుకు ఫోన్ జేసిన, ప్రైవసీ ఫారం మీద సంతకం పెట్టి పంపుమన్నరు. గంతే, వాళ్లే ఎంక్వైరీ రాసిండ్రు. నువ్వు ఏ పార్టీ అని ఎవరూ అడగలే. ఫలితం గ్యారంటీ అని చెప్ప, గని ఫైలు ఏడున్నదో తెలుస్తది. మొన్న నాలుగు రోజులు స్పీకర్ లేక మెంబర్లు ప్రమాణమే చెయ్యలే, గప్పుడు ఎవలకన్న ఆపతి వస్తే ఏమయ్యేదో.

డాలస్ పాతకాపు

నిజమే, లైసెన్సు సంగతి నేనే ముందు చెప్పాల్సింది. ఇర్వింగ్ అంతా ఒకే నియోజకవర్గం కాదు, ముక్కలు ముక్కలుగా ఉంది. ఒకప్పటి మేయర్ బెత్ వాన్ డైన్ ఇప్పుడు 24వ నియోజకవర్గం రిపబ్లికన్ సభ్యురాలు, కానీ నువ్వు అవతలి వీధిలో ఉంటే నీ సభ్యుడు డెమోక్రాట్ కావచ్చు. హౌస్ సైట్‌లో నీ చిరునామా కొట్టి చూసుకో, జిప్ కోడ్ ఒక్కటే చాలదు.

ఎడిసన్ అక్క

తమ్ముడూ, రాజకీయం అసలు పట్టించుకోవద్దని మాత్రం అనను. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ ఈ నెల 18న మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేస్తున్నారు. టీవీలో చూడు.

ఫ్రిస్కో బిజినెస్

అది రాష్ట్రం అక్కా, కాంగ్రెస్ కాదు. అయినా చూస్తాలెండి. తమ్ముడూ, చందా విషయంలో పాతకాపు చెప్పిందే కరెక్టు, నేను తొందరపడ్డా.

కొత్త మెంబర్, ఇర్వింగ్

అందరికీ థాంక్సండీ. చిరునామా కొట్టి చూశా. మా ఇల్లు ఒక నియోజకవర్గంలో, మా రూమ్మేటు పని చేసే కిరాణా కొట్టు ఇంకో నియోజకవర్గంలో ఉన్నాయి, మధ్యలో ఒక్క సిగ్నల్ అంతే. లైసెన్సు టెస్టు 19న. ఫారంలో ఆ డబ్బా ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకున్నాను. అంకుల్‌కి ఫండ్‌రైజర్ గురించి చెప్తే "చట్టమా? నాకూ తెలీదే" అని కాస్త చిన్నబుచ్చుకున్నారు.

సంక్రాంతికి ఆదివారం మళ్లీ భోజనానికి పిలిచారు. పెరుగన్నం వదిలేసి వెళ్లిన అంకుల్ కూడా వస్తున్నారు. టీవీ రిమోట్ ఆ రోజంతా తన కొంగుకే కట్టుకుంటానని ఆంటీ చెప్పారు.