ఐదేళ్ల పాప కోసం నీటి మొక్కల అక్వేరియం: మన బోరు నీళ్లకు ఏ చేపలు తట్టుకుంటాయి?

ప్రశ్న: వడ్డేపల్లి_అమ్మ

అందరికీ నమస్కారం. మేము హనుమకొండలో వడ్డేపల్లి వైపు ఉంటాము. మా పాపకు ఐదేళ్లు నిండాయి, చాలా రోజులుగా చేపలు కావాలని అడుగుతున్నది. ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే బొమ్మలు కాకుండా, నిజమైన నీటి మొక్కల మధ్య రెండు మూడు రకాల చిన్న చేపలు కలిసి తిరిగే అక్వేరియం పెట్టాలని నా కోరిక. పాప దానిని చూసి నాలుగు విషయాలు నేర్చుకోవాలి, తెచ్చిన చేపలు కూడా హాయిగా బతకాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టికి హాలులో చోటు చూసి ఉంచాము.

ఇంట్లో వాడకానికి ఎక్కువగా బోరు నీళ్లే. గీజరులోనూ బకెట్ల అంచుల మీదా తెల్లటి పొర కడుతుంది, సబ్బు సరిగా నురగ రాదు. నల్లా నీళ్లు వస్తాయి కానీ కొన్ని రోజులు క్లోరిన్ వాసన గట్టిగా ఉంటుంది. తాగడానికి ఆర్వో మిషన్ ఉన్నది. ఈ మూడింటిలో తొట్టికి ఏది వాడాలి? పాప మనసు నియాన్ టెట్రాల మీదా గోల్డ్ ఫిష్ మీదా ఉన్నది. ఈ రోజు తొట్టి నింపితే రేపే చేపలను వేయవచ్చని ఒక దుకాణంలో చెప్పారు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కాజీపేట_నీటితోట

నమస్కారమమ్మా. ముందుగా దుకాణంలో విన్న మాట సంగతి చెప్తాను, ఎందుకంటే పాప కంటనీరు పెట్టే పరిస్థితి వచ్చేది అక్కడే. కొత్త తొట్టిలో నీరు ఎంత తేటగా కనిపించినా అది చేపలకు ఇంకా సిద్ధం కాలేదు. చేపల మొప్పల నుంచి, వాటి విసర్జన నుంచి, మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషమే. నైట్రేట్ మాత్రం తక్కువ మోతాదులో హాని చేయదు, మొక్కలు దానిని ఆహారంగా తీసుకుంటాయి. ఈ బాక్టీరియా ఫిల్టరు స్పాంజికి, ఇసుకకు, ఆకులకు అంటుకొని నెమ్మదిగా పెరుగుతుంది. సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మీ ఇంట్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. మీ బోరు నీటిలాంటి కఠిన జలం (ఖనిజాలు ఎక్కువగా కరిగిన నీరు) పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణపు కొలత, తరచుగా 7.5 నుంచి 8 మధ్య ఉంటుంది. అమ్మోనియాలో చేపకు నిజంగా హాని చేసే భాగం పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికంటే 8 దగ్గర దాదాపు పదింతలు అవుతుంది, నీరు వేడెక్కే కొద్దీ ఇంకా పెరుగుతుంది. మృదు జలం ఉన్న చల్లని ఊళ్లో చేపలు ఎలాగో తట్టుకొని బయటపడే తొందరపాటు, మన బోరు నీటిలో, మన ఎండల్లో ఒక్క రాత్రిలోనే వాటి ప్రాణం తీస్తుంది.

కాబట్టి తొట్టి నింపి, మొక్కలు నాటి, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత మాత్రం వేయండి. అది కుళ్లి బాక్టీరియాకు ఆహారమవుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉన్న తెలిసినవారెవరైనా ఉంటే వారి స్పాంజిని మీ నీటిలో పిండించుకోండి, వారాలు కలిసివస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేసే చుక్కల కిట్ కొనడం తప్పనిసరి అని నా అభిప్రాయం. రెండూ పెరిగి, తరువాత సున్నాకు దిగి, కొన్ని రోజులు సున్నా దగ్గరే నిలిచినప్పుడు చేపలు తేవచ్చు.

ఇక నీటి సంగతి. గ్రానైట్ నేల పగుళ్లలో నిలిచిన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉంటాయి. మీకు కనిపించే తెల్లటి పొర అదే. లోయర్ మానేరు నుంచి కాలువ ద్వారా ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులకు చేరి, శుద్ధి అయి వచ్చే నల్లా నీరు సాధారణంగా అంతకంటే మృదువుగా ఉంటుంది. కానీ దానిలోని క్లోరిన్ చేపల మొప్పలను, మనం కష్టపడి పెంచుకున్న బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. వెడల్పాటి తొట్టెలో ఒక రోజంతా ఉంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ సీసా మీద రాసిన మోతాదులో వాడండి. ఆర్వో నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కనుక దానితో మాత్రమే తొట్టి నింపకూడదు. సగం బోరు, సగం నల్లా కలపడం మీకు సరిపోతుంది. ఏ పాళ్లలో కలిపినా ప్రతిసారీ అవే పాళ్లు పాటించండి, ఎందుకంటే కొంచెం కఠినమైన నీటికంటే వారం వారం మారే నీరు చేపలకు ఎక్కువ కష్టం.

నీటిని చేపకు తగినట్టు మార్చడం కంటే నీటికి తగిన చేపను తెచ్చుకోవడం మేలు. నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు మృదువైన, కొద్దిగా ఆమ్ల గుణం గల నీటి చేపలు. వాటికి 26 డిగ్రీలు దాటితే ఇబ్బంది. గోల్డ్ ఫిష్ చల్లని నీటిని కోరుతుంది, అరచేతికి మించి పెరుగుతుంది, వ్యర్థాలు ఎక్కువగా వదులుతుంది, లేత మొక్కలను పీకి తింటుంది. ఈ రెండూ మీ తొట్టిలో కుదరవు. గప్పీలు, ప్లాటీలు కఠిన జలంలోనే బాగుంటాయి. జీబ్రా డానియోలు మన ఉపఖండపు చేపలే, వేడికి బాగా తట్టుకుంటాయి, రోజంతా చురుకుగా ఈదుతూ పిల్లల కళ్లకు పండుగ చేస్తాయి. మీ తొట్టి కొలతకు 54 లీటర్లు పడతాయి. ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 45 లీటర్ల దగ్గర మిగులుతుంది. దానికి ఆరు జీబ్రా డానియోలు, ఐదు మగ గప్పీలు చాలు. వాటినీ ఒకేసారి వేయకుండా ముందు డానియోలను, రెండు వారాల తరువాత గప్పీలను వేయండి.

జవాబు: కరీంనగర్_వాలిస్నేరియా

అక్కా, పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. మొక్కల గురించి నాకు తెలిసింది చెప్తాను. కఠిన జలం ఉందని మీరు బాధపడవద్దు. వాలిస్నేరియా (రిబ్బను లాంటి పొడవాటి ఆకుల నీటి మొక్క), హైడ్రిల్లా అటువంటి నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. అందుకే మన ప్రాంతంలో మొదటి తొట్టికి వాలిస్నేరియాను మించినది లేదని నేను గట్టిగా నమ్ముతాను. వెనుక వరుసలో దానిని నాటండి, కొన్నాళ్లకు ఇసుక కింద తీగలు పంపి పిల్ల మొక్కలు తనే వేసుకుంటుంది. మధ్యలో నీటిలో నానబెట్టిన చెక్క ముక్కకు అనుబియాస్‌ను, జావా ఫెర్న్‌ను దారంతో కట్టండి. ఈ రెండింటి దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అసలు అవసరం లేదు, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో అది లేకపోవడమే మంచిది.

లైటు రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, టైమరుకు అప్పగించండి. ఎనిమిది గంటలు దాటితే అద్దాల నిండా నాచు పట్టే అవకాశం ఎక్కువ. పడమటి కిటికీ ఎండ తగిలే చోట తొట్టి పెట్టవద్దు.

అడుగున వేయడానికి సన్నటి నది ఇసుకను నీరు తేటపడేవరకు కడిగి వాడవచ్చు. మా కరీంనగర్ గ్రానైట్ రాయి నీటి గుణాన్ని మార్చదు, కానీ క్వారీ ముక్కల అంచులు పదునుగా ఉంటాయి కనుక గుండ్రటి గులకరాళ్లే తీసుకోండి. అలంకరణకు అమ్మే తెల్లటి పాలరాయి ముక్కలు, గవ్వలు మాత్రం వద్దు, అవి నెమ్మదిగా కరిగి ఇప్పటికే కఠినంగా ఉన్న నీటిని మరింత కఠినం చేస్తాయి. ఏ రాయి మీదనైనా నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి, పొంగితే పక్కన పెట్టండి.

చెరువు నుంచి హైడ్రిల్లా తెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానితో పాటు జలగలు, తూనీగ పిల్ల పురుగులు వస్తాయి, ఆ పురుగులు చిన్న చేపలను పట్టి తింటాయి. దుకాణం నుంచి తెచ్చిన మొక్కలనైనా ముందుగా విడిగా బకెట్లో కొన్ని రోజులు ఉంచి, ఆకులు కడిగి వేయండి.

చేపలు వేయకముందు వారాలను పాప ఊరికే ఎదురుచూస్తూ గడపనవసరం లేదు. పదవ తరగతి పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ ప్రయోగంలో చూపించే హైడ్రిల్లా బుడగలను ఆ మొక్కను దుకాణం నుంచి తెచ్చి వేస్తే మీ పాప ఇప్పుడే తన తొట్టిలో చూడవచ్చు. లైటు వేసిన కొంతసేపటికి కాడల చివరి నుంచి వరుసగా పైకి వస్తాయి. వాలిస్నేరియా ఆకు ఎంత పెరిగిందో అద్దం మీద స్కెచ్ పెన్నుతో ఆదివారం ఆదివారం గీత గీయమనండి.

ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. మగ గప్పీలు మాత్రమే ఎందుకు? దాదాపు నాలుగు వారాలకు ఒకసారి పిల్లలు పుట్టడం చూసే ఆనందం పాపకు ఎందుకు దక్కకూడదు?

జవాబు: కాజీపేట_నీటితోట

కరీంనగర్ వారి మాటలో న్యాయం ఉన్నది, అయినా మొదటి ఏడాదికి నా సలహా మారదు. ఒక్క ఆడ గప్పీ ఒక కాన్పులో ఇరవై ముప్పై పిల్లలను సులువుగా పెడుతుంది, ఒకసారి మగ చేపతో కలిసిన తరువాత కొన్ని నెలల పాటు మళ్లీ మళ్లీ పిల్లలను పెట్టగలదు. మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో వాటిలో చాలా బతుకుతాయి. 45 లీటర్ల నీరు ఎన్నింటిని మోయగలదు? చివరికి అవి భద్రకాళి చెరువుకో వడ్డేపల్లి చెరువుకో చేరుతాయి. పరాయి చేపలను మన చెరువుల్లో వదలడం మంచిది కాదు. అద్దాలు శుభ్రం చేస్తుందని చెప్పి అంటగట్టే సక్కర్ చేప కూడా ఇదే కోవలోనిది. అది అడుగుకు మించి పెరుగుతుంది, చెరువులో వదిలితే అక్కడి చేపలకు ముప్పు. దయచేసి దానిని కొనవద్దు.

జవాబు: ములుగురోడ్డు_నాన్న

చెల్లెమ్మా, చేపల సంగతి పెద్దలు చెప్పారు, నేను పాప భద్రత గురించి చెప్తాను. నీరు, ఇసుక, గాజు కలిపి మీ తొట్టి బరువు అరవై కిలోలు దాటుతుంది. టీవీ బల్ల మీదో ప్లాస్టిక్ స్టాండు మీదో పెట్టవద్దు. కూర్చున్న పాప కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో ఇనుప స్టాండు చేయించి గోడకు బిగించండి, ఎత్తు సరిపోతే పాప కుర్చీ లాక్కొని ఎక్కే పని ఉండదు. పైన మూత తప్పనిసరి, డానియోలు ఎగిరి దూకుతాయి కూడా.

ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు వైరు మీదుగా జారిన నీటి చుక్క నేల మీద పడుతుంది కానీ సాకెట్‌లోకి వెళ్లదు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నీటిలో చేయి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీయడం పెద్దలకూ నియమమే. గాలి పంపును నీటి మట్టం కంటే ఎత్తులో ఉంచండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టం ద్వారా నీరు వెనక్కి వస్తుంది. నీరు మార్చే రోజు నిండిన బకెట్లను పసిపిల్లల దగ్గర వదిలి పక్కకు వెళ్లవద్దు.

మేత పాప చేతితోనే వేయించండి, కానీ డబ్బా మాత్రం పాపకు అందకూడదు. వారానికి సరిపడా మోతాదును ఏడు గదులున్న మాత్రల డబ్బాలో మీరే సర్ది ఇవ్వండి. రోజుకు ఒక గది. రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత ఉంటే చాలు. వేసిన తరువాత సబ్బుతో చేతులు కడిగించండి, చేతికి గాయం ఉన్న రోజు తొట్టిలో చేయి పెట్టనివ్వవద్దు.

వడ్డేపల్లి_అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. నియాన్ టెట్రాలు ఎందుకు వద్దో పాపకు చెప్తే, చారల చేపలు (జీబ్రాలు) అయితే సరేనన్నది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మే నెలలో మా హాలులో కూలర్ నడిచినా వేడి తగ్గదు, మధ్యలో కరెంటు పోతుంది. అలాగే మేడారం జాతరకో దసరాకో నాలుగైదు రోజులు ఊరికి వెళ్తే చేపల సంగతి ఏమిటి?

జవాబు: కాజీపేట_నీటితోట

నీరు వేడెక్కే కొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపలకు అవసరం పెరుగుతుంది. వేసవిలో ప్రమాదం అక్కడ ఉన్నది. థర్మామీటరు 31 డిగ్రీలు దాటితే మూత స్థానంలో దోమతెర వల బిగించి, చిన్న ఫ్యాను గాలి నీటి మీద తగిలేలా పెట్టండి. ఆవిరి పోతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కూలర్ గాలిలో తేమ ఎక్కువ కనుక తొట్టి ఉన్న గదిలో కిటికీ కొంచెం తెరిచి ఉంచితేనే ఫ్యాను పని చేస్తుంది. ఐసు ముక్కలు వేయవద్దు, ఒక్కసారిగా చల్లబడటం చేపలకు మరో దెబ్బ. ఆవిరైన నీటి స్థానంలో మాత్రం ఆర్వో నీటినే పోయండి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఖనిజాలు తొట్టిలోనే మిగులుతాయి. బోరు నీరు పోస్తూ పోతే వేసవి ముగిసేసరికి కాఠిన్యం బాగా పెరిగిపోతుంది. వారానికి ఒకసారి పావు వంతు నీరు మార్చేటప్పుడు మీరు కలుపుకునే బోరు, నల్లా నీటినే వాడండి, స్పాంజిని కూడా ఆ తీసిన నీటిలోనే పిండండి.

కరెంటు విషయానికి వస్తే, గాలి పంపు నాలుగైదు వాట్లకు మించి తీసుకోదు, దానిని ఇన్వర్టరు లైనుకు కలపండి. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీతో నడిచే పంపు ఒకటి సిద్ధంగా ఉంచండి.

ఊరికి వెళ్లే విషయంలో భయపడవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలవు. వెళ్లే ముందు రోజు నీరు మార్చి, లైటును టైమరు మీద వదిలేయండి. పక్కింటివారికి మేత డబ్బా అప్పగించవద్దు, ప్రేమతో ఎక్కువ వేసేస్తారు. వారం దాటే ప్రయాణమైతే మాత్రం రోజు విడిచి రోజుకు ఒక పొట్లం చొప్పున కట్టి, ఆ పొట్లాలు మాత్రమే ఇచ్చి వెళ్లండి.