ట్రిగ్గర్ లాగాలా, నొక్కాలా, మీటాలా? మన వైపు మాట చెప్పండి

ప్రశ్న (కావలి నుంచి): పిస్టల్ షూటింగ్ కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నాం. ట్రిగ్గర్ దగ్గరకొచ్చేసరికి మాట కుదరడంలేదు. పేపర్లలో ‘నొక్కాడు’ అంటారు. ఇంగ్లీషువాళ్లు లాగడం అంటారు. ‘తుపాకి మీట’ అనే మాట ఉంది గనక ‘మీటడం’ అనొచ్చేమో. ట్రిగ్గర్ గుణం చెప్పే మాటలు ఇంకా కష్టం. క్రీప్‌కి, అంటే పేలేముందు ట్రిగ్గర్ గరగరమంటూ కదలడానికి, ‘పాకుడు’ అని రాస్తే నడుస్తుందా?

ఒంగోలు నుంచి: మీటడం వద్దన్నా. వీణ తీగ మీటడమంటే రెప్పపాటులో అయిపోయే పని. పిస్టల్ మీద వేలు అట్టా కదిలితే కుడిచేతివాళ్లకి గుండు ఎడమ పక్కకి, కిందికి పోతుంది. మాటే తప్పు నేర్పినట్టవుతుంది. కొందరు ‘పిండు’ అని చెప్తుంటారు, అది ఇంకా చెడ్డది. గేదె పొదుగు పిండేటప్పుడు అన్ని వేళ్లూ కలిసి ముడుచుకుంటాయి. ఇక్కడ చూపుడు వేలు ఒక్కటే కదలాలి. మిగతా మూడు వేళ్ల పట్టు మొదట ఎంతుందో గుండు వెళ్లిందాకా అంతే ఉండాలి.

మనకి ‘అదమడం’ ఉంది గదా. నెత్తురు కారే చోట గుడ్డ పెట్టి అదిమి పట్టినట్టు, ఆపకుండా కొంచెం కొంచెంగా బలం పెంచుకుంటూ పోవడం. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్‌కి ఆనించి, నేరుగా వెనక్కి అదమాలి. నేనైతే ఇదే రాస్తాను.

నెల్లూరు నుంచి: ‘అదమడం’ బో బాగా కుదిరింది. ‘పాకుడు’ మాత్రం ఒప్పుకోను తమ్ముడూ. మన దగ్గర పాకుడంటే బావి మెట్ల మీద పచ్చగా పట్టేది. కాలు పెడితే సర్రున జారిపోతుంది. క్రీప్ దానికి పూర్తిగా ఎదురు. రెండు మెట్ల ట్రిగ్గర్‌లో మొదటి మెట్టు వదులుగా వెనక్కి వచ్చేస్తుంది. తర్వాత వేలికి ఒక ఆపు తగులుతుంది. అక్కణ్ణుంచి ఏ కదలికా తెలియకుండా పుటుక్కున తెగాలి, అంటే పట్టు వదిలి పేలాలి. తెగకుండా గరగరమంటూ ఇంకాస్త వెనక్కి వస్తే అదే క్రీప్. లోపల సుత్తిని పడకుండా పట్టుకునే సియర్ అనే కొక్కెం, ఆ సుత్తి గాటుని ఒరుసుకుంటూ వస్తోందన్నమాట. దీనికి ‘ఈడ్పు’ సరిపోతుంది. ఒరుసుకునే ఆ రెండు ముఖాలూ చీమకుర్తి రాయికి పాలిష్ పట్టినంత నున్నగా ఉంటే ఈడ్పు ఉన్నా వేలికి తక్కువ తెలుస్తుంది.

తెగిన తర్వాత వేలు ఊరికే వెనక్కి పోయేదానికి ‘కొసరు’ అనండి. సరుకు తూచాక వేసేదే గదా కొసరు! ఇక్కడ మాత్రం ఎక్కువైతే నష్టమే. గుండు ఇంకా గొట్టం దాటకముందే వేలి ఊపు పిస్టల్‌ని కదిలిస్తుంది.

ఒంగోలు నుంచి: కొసరు తగ్గించే మర గురించి ఒక హెచ్చరిక రాయండి. పూర్తిగా బిగించేస్తే సియర్ గాటులోంచి సరిగా బయటపడదు, సుత్తి రాసుకుంటుంది, ఒక్కోసారి అసలు పేలదు. ఖాళీ పిస్టల్‌తో, అదమగానే ప్రతిసారీ తెగుతోందని చూసుకుని, అక్కణ్ణుంచి పావు చుట్టో అర చుట్టో వదులు చెయ్యాలి. సియర్ పట్టు తగ్గించే మరకి ఇంకా జాగ్రత్త కావాలి. ఈడ్పు పోతుందని ఆశపడి మరీ తగ్గిస్తే కొక్కెం అంచుమీదే నిలబడుతుంది, చిన్న కుదుపుకే పేలుతుంది. ఒకసారికి ఒకే మర తిప్పాలి, తిప్పేముందు మర తల మీది గీత ఎటుందో గుర్తు పెట్టుకోవాలి.

కావలి నుంచి: బరువుల సంగతి? ఎంత పెట్టుకోమని చెప్పాలి?

అద్దంకి నుంచి: ట్రిగ్గర్ తెగడానికి పట్టే బరువు తక్కువలో తక్కువ ఎంతుండాలనేదే పోటీల నిబంధన చెప్తుంది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి 1000 గ్రాములు. 50 మీటర్ల పిస్టల్‌కి ఈ హద్దు లేదు. గొట్టం నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్ మధ్యలో తూకపురాయి తగిలించి బల్ల మీదనుంచి లేపుతారు. ఎయిర్ పిస్టల్ అయితే గాలి నింపి, పేలడానికి సిద్ధంగా ఉంచాలి. మూడుసార్లకి మించి అవకాశం ఇవ్వరు. సరిగ్గా 500 దగ్గర పెట్టుకుంటే పోటీ రోజు చిక్కే. 510, 520 ఉంచమనండి. ఇంట్లో కొలిచేటప్పుడు రాయిని ట్రిగ్గర్ కింది కొనకి తగిలించొద్దు, బరువు తక్కువ చూపిస్తుంది.

ఆ 500ని ఎట్టా పంచుకోవాలనేది ఎవరి ఇష్టం వాళ్లది. మొదటి మెట్టులో 400, రెండోదాంట్లో 100 పెట్టుకుంటే తెగడం తేలిక, కానీ అదురు పుట్టిన రోజు ఆపు తెలియకుండానే పేలిపోవచ్చు. కొత్తవాళ్లకి 350, 150 మేలని నా అభిప్రాయం. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో అన్నిటికన్నా వేగమైన దశలో 4 సెకన్లలో 5 గుండ్లు కొట్టాలి. అక్కడ కొందరు గట్టి ఆపే వద్దంటారు, ఒకే బరువుతో నున్నగా దొర్లుతూ వచ్చేదే కావాలంటారు. అదీ ఈడ్పే, కానీ గరుకు లేని ఈడ్పు. దానికి ‘దొర్లుడు’ అని వేరే మాట పెట్టండి, లేకపోతే పిల్లలు ఈడ్పంతా చెడ్డదనుకుంటారు.

నెల్లూరు నుంచి: దొర్లుడు బాగుంది. రివాల్వర్‌కి ఇంకో మాట కావాలి. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ అదిమితేనే సుత్తి లేచి పడే రకంలో, అదిమేకొద్దీ కొన్నిటికి చివర్లో బరువు ఉన్నట్టుండి పెరుగుతుంది. 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్ పాత రకం దీనికి పేరుబడింది. ‘కొసబరువు’ అంటే ఎట్టా ఉంటుంది?

కావలి నుంచి: రాసుకున్నానక్కా. ఇంక రీసెట్ ఒక్కటి మిగిలింది.

ఒంగోలు నుంచి: ‘మలిపట్టు’. సెమీ ఆటోమేటిక్‌లో (అదిమిన ప్రతిసారీ ఒక్కో గుండు పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కే రకం) పేలాక వేలు ముందుకి వదులుతూ వస్తే ట్రిగ్గర్ మళ్లీ సియర్‌తో కలిసి టిక్‌మంటుంది. వదలడం అక్కడిదాకా చాలు. వేలు ట్రిగ్గర్ మీదనుంచి పూర్తిగా ఎత్తేస్తే తర్వాతి గుండుకి మళ్లీ కొట్టినట్టు తగులుతుంది, అంటే మనం వద్దనుకున్న మీటడమే.