జెయిన్–పెక్టిన్ ఎమల్షన్‌లో ఉప్పు పడగానే గుత్తులు కడుతోంది, ఎలా ఆపాలి?

గుడ్డు లేని మయోనైజ్ కోసం మొక్కజొన్న ప్రోటీన్ జెయిన్‌నూ, పండ్ల నుంచి తీసే జిగురు పదార్థం పెక్టిన్‌నూ కలిపి కణాలు చేసి, వాటితో నూనె చుక్కలు నీళ్లలో విడిపోకుండా (అదే ఎమల్షన్) నిలబెడుతున్నాను. ఒక చోట ఆగిపోయింది, ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

2.5 గ్రాముల జెయిన్‌ను 100 మి.లీ. 80 శాతం ఇథనాల్‌లో కరిగించి, పీహెచ్ 4 ఉన్న 300 మి.లీ. నీళ్లలోకి గట్టిగా కలుపుతూ సన్నటి ధారగా పోస్తున్నాను. ఇథనాల్‌ను 40 డిగ్రీల దగ్గర రోటరీ ఎవాపరేటర్‌తో (తక్కువ ఒత్తిడిలో ద్రావకాన్ని ఆవిరి చేసే పరికరం) తీసేసి, అదే పీహెచ్‌లోని పెక్టిన్ ద్రావణం చేరుస్తున్నాను. బరువులో జెయిన్ రెండు పాళ్లు, పెక్టిన్ ఒక పాలు. ఆపైన సగానికి సగం వేరుశనగ నూనె పోసి, 12,000 ఆర్‌పీఎం వేగంతో 3 నిమిషాలు గిలకొడుతున్నాను.

ఉప్పు లేకపోతే వారమైనా చెక్కుచెదరదు. 1 శాతం ఉప్పు వేస్తే మర్నాటికే సీసా అడుగున మజ్జిగ తేటలా నీరు. మైక్రోస్కోప్‌లో చూస్తే నూనె చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోలేదు, ద్రాక్షగుత్తిలా అంటుకున్నాయి.

ఈ పీహెచ్‌లో జెయిన్‌కు ధన ఆవేశం, పెక్టిన్‌కు రుణ ఆవేశం. ఈ రెండు ఆవేశాల ఆకర్షణతో ఏర్పడే పట్టును ఉప్పు సడలిస్తోందనే నా అంచనా. పెక్టిన్ తగ్గించి 4:1 చేస్తే ఇంకా అన్యాయం: ఒకే పెక్టిన్ గొలుసు రెండు కణాలను పట్టుకుని, ఉప్పు పడకముందే గడ్డలు. 1:1కి పెంచితే మిగిలిపోయిన పెక్టిన్ కూడా చుక్కలను దగ్గరికి నెడుతుందేమో.

ఉప్పును గిలకొట్టాక చివర్లో వేయడం మేలా, ముందే నీళ్లలోనా? 0.2 శాతం జాంతన్ గమ్ చేరిస్తే గుత్తులు నిజంగా తగ్గుతాయా, లేక చిక్కదనం వల్ల నీరు విడిపోవడం ఆలస్యమవుతుందంతేనా? పెక్టిన్‌లో ఎక్కువ మిథాక్సిల్ (గొలుసుపై ఉండే మిథైల్ ఎస్టర్ గుంపులు) ఉన్న రకం వాడాలా, తక్కువదా?