సుహైల్: చుక్క పేరా, సౌలతు పేరా?

ప్రశ్న: మా కింది పోర్షన్ వాళ్ళకి మనవడు పుట్టాడు. సుహైల్ అని పేరు పెట్టారు. అర్థమేంటని అడిగితే తాతగారు "చుక్క" అన్నారు. కోడలేమో "కాదు మామా, సులువు అని అర్థం" అని ఫోన్‌లో చూపించింది. ఎవరిది నిజం? మన సులువుకీ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా? ఇంకోటి, సుహైల్, సోహైల్, సోహెల్ అని మూడు రకాలుగా కనబడుతోంది. ఏది రాయాలి?

జవాబు: తాతా కోడలూ ఇద్దరూ గెలిచారు. ముందు సులువు సంగతి చూద్దాం. ఆ చుట్టరికం లేదండి, సులువు మన సులభంలోంచి వచ్చింది. వినడానికి దగ్గరగా ఉందని కలిపేసుకోకూడదు. అసలు చుట్టం వేరే ఉంది, తెలంగాణ వాళ్ళు రోజూ వాడేదే: సౌలతు. "బళ్ళో సౌలతులు లేవు", "ఊరికి బస్సు సౌలతు లేదు" అంటాం చూడండి, అది ఉర్దూ సహూలత్ నోట్లో నలిగి అలా అయింది. సహూలత్‌కి మూలం అరబీలో సహ్ల్. సహ్ల్ అంటే ఎత్తుపల్లాలు లేని చదును నేల. చదును నేల మీద నడక తేలిక కాబట్టి తేలికైన పని కూడా సహ్లే. దానికి ముద్దు రూపం సుహైల్.

అరబీలో ఒక మాటని చిన్నది చేసి పిలవడానికి ఒక అచ్చు ఉంది. మొదటి హల్లుకి ఉకారం, రెండోదానికి ఐకారం. హసన్‌ని అలా చేస్తే హుసైన్, ఉమర్‌ని చేస్తే ఉమైర్, అబ్ద్‌ని చేస్తే ఉబైద్. పీర్ల పండక్కి మన ఊళ్ళల్లో తలచుకునే హసన్, హుసేన్ అన్నదమ్ముల పేర్లలోనే ఈ వ్యాకరణం ఉంది. పెద్దవాడి పేరుకి ముద్దు రూపమే చిన్నవాడి పేరు.

ఇక తాతగారి చుక్క. అరబ్బులు సుహైల్ అనే నక్షత్రాన్ని మనం అగస్త్య నక్షత్రం అంటాం, ఇంగ్లీషు వాళ్ళు కనోపస్ అంటారు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత వెలుగున్న చుక్క ఇదే. మనకి సుమారు 310 కాంతి సంవత్సరాల దూరం. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్‌లో మేడెక్కి దక్షిణం వైపు తిరగండి. చెయ్యి చాచి దిక్కు అంచు నుంచి పైకి ఒక జానెడు కొలిస్తే ఇరవై డిగ్రీలు, సరిగ్గా అక్కడుంటుంది. డమాస్కస్‌లో ఇది నాలుగు డిగ్రీలు కూడా లేవదు. స్పెయిన్ దక్షిణ తీరంలో ఫుయెన్‌హిరోలా అనే ఊరుంది, అరబ్బుల కాలంలో దాని పేరు సుహైల్. అక్కడి కోటని ఇప్పటికీ సోహైల్ కోట అనే అంటారు. ఆ ఊరి అక్షాంశం నుంచి చూస్తే ఈ చుక్క దిక్కు అంచుని రాసుకుంటూ పోతుంది, అంతే.

పేరు వెనకున్న కథ నాకు భలే ఇష్టం. సుహైల్ జౌజాని పెళ్ళి చేసుకున్నాడట. జౌజా అంటే ఒరాయన్, మన మృగశిర, ఆర్ద్రలున్న చోటు. పెళ్ళి రాత్రి ఆమె వెన్ను విరిచి, భయపడి దక్షిణానికి పారిపోయాడు. అతని చెల్లెళ్ళిద్దరూ అన్న కోసం బయల్దేరారు. ఒకామె పాలపుంత దాటేసింది, ఆమే సిరియస్. అరబీలో ఆమె పేరుకి తగిలించిన 'అబూర్' అన్న మాటకి దాటినది అని అర్థం. రెండో ఆమె దాటలేక ఇవతలే ఏడుస్తూ ఉండిపోయింది, కళ్ళు పుసులు కట్టాయి. ఆమె ప్రోసియాన్, అందుకే వెలుగు తక్కువ. ఈసారి ఆకాశం చూసినప్పుడు గమనించండి, పాలపుంతకి చెరో పక్కా ఉంటారు.

మన అగస్త్యుడూ దక్షిణానికి వెళ్ళి తిరిగి రానివాడే. కాకపోతే ఆయన వింధ్యాన్ని వంచి వెళ్ళాడు, ఈయన పెళ్ళాం నడుం విరిచి పారిపోయాడు. ఎవరి కథలో మర్యాద ఉందో మీరే తేల్చుకోండి.

దాని కింద ఇంకొకరు: చుక్కని పట్టుకుని ఓ పద్యం గుర్తొచ్చింది. క్రీ.శ. 700 ప్రాంతంలో ఉమర్ ఇబ్న్ అబీ రబీఆ అని మక్కా కవి, శృంగార కవిత్వానికి పెట్టింది పేరు. సురయ్యా అనే ఆవిడకి సుహైల్ అనే ఆయనతో పెళ్ళి కుదిరితే ఈయన ఒళ్ళు మండింది. సురయ్యా అంటే కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి. ఆయన అన్నది దాదాపు ఇలా ఉంటుంది:

సురయ్యాని సుహైల్‌కిచ్చి కట్టబెట్టేవాడా,
నీకు పుణ్యముంటుంది, వాళ్ళు కలిసేదెలాగో చెప్పు!
ఆమె పొడిచేది షామ్ దిక్కున,
సుహైల్ పొడిచేది యమన్ దిక్కున.

షామ్ అంటే సిరియా వైపు, ఉత్తరం. యమన్ దక్షిణం. మనుషుల పేర్లూ చుక్కల పేర్లూ ఒకటే కావడంతో ఆయనకి శ్లేష వెతుక్కునే పని పడలేదు. మన ప్రబంధ కవులకి దొరికి ఉంటే ఒక ఆశ్వాసం నడిపేవారు.

కోడలు చెప్పిన 'తేలిక' అర్థం మీద కూడా ఓ పాత శ్లేష ఉంది. 628లో మక్కా దగ్గరి హుదైబియాలో, మక్కా తెగ ఖురైషీల తరఫున ముహమ్మద్ ప్రవక్తతో సంధి మాట్లాడటానికి వచ్చినవాడి పేరు సుహైల్ ఇబ్న్ అమ్ర్. అతను వస్తుంటే చూసి ప్రవక్త "మీ పని తేలికైంది" అన్నారని హదీసుల్లో ఉంది. సుహైల్, సహ్ల్. తీరా కూర్చున్నాక ఆయన అంత తేలిగ్గా ఏమీ లేడు. ఒప్పందంలో "అల్లాహ్ ప్రవక్త" అన్న మాట తీసేస్తే గానీ ఒప్పుకోలేదు.

మన పంచతంత్రం కూడా ఈ పేరు తగిలించుకుంది. పదిహేనో శతాబ్దం చివర్లో, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్‌లో హుసైన్ వాయిజ్ కాషిఫీ ఆ కథల్ని పారసీలో తిరగరాసి, తనని ఆదరించిన అమీర్ అహ్మద్ సుహైలీ పేరు మీద అన్వారె సుహైలీ అన్నాడు, అంటే సుహైల్ కాంతులు. శైలి ఎంత బరువంటే, దాన్నే తేలిక మాటల్లో మళ్ళీ రాయమని అక్బరు అబుల్ ఫజల్‌కి చెప్పాల్సి వచ్చింది. పేరులో ఉన్న సులువు పుస్తకంలో లేకపోయింది.

దుబాయ్ నుంచి ఒకరు: మాది జగిత్యాల పక్కన. ఇక్కడ సైట్ మీద పనిచేసేటోళ్ళకు సుహైల్ అంటే పిల్లగాని పేరు కంటే ముందు కాలం లెక్క. ఆగస్టు 24 అటూఇటూ తెల్లారుజామున పొడుస్తది. అరబ్బులు ఫోటోలు తీసి పెట్టుకుంటరు, పండగ లెక్క. "ఇదా తలఅ సుహైల్, బరద అల్లైల్" అంటరు. సుహైల్ పొడిస్తే రాత్రి సల్లబడ్తదని. పగలు మాత్రం ఏం తగ్గదు. మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా బయట పని బంద్ చేసే రూలు సెప్టెంబరు 15 దాకా ఉంటనే ఉంటది. ఇంకో మాట కూడా ఉంది: సుహైల్ పొడిచినంక సైల్‌ను, అంటే వరదను, నమ్మొద్దని. ఖతర్ వాళ్ళు 2013లో పంపిన ఉపగ్రహానికి ఈ చుక్క పేరే పెట్టిన్రు, కాకపోతే వాళ్ళ యాసలో ఎస్‌హైల్ అని.

మళ్ళీ మొదటి జవాబు రాసినవారే: భలే చెప్పారన్నా. మన దగ్గర భాద్రపదంలో అగస్త్యోదయం అయ్యాక వాననీళ్ళు తేటపడతాయంటారు. రఘువంశం నాలుగో సర్గలో శరత్కాలాన్ని ఆ మాటతోనే వర్ణించాడు కాళిదాసు. వాళ్ళకి ఎండ విరుగుడు, మనకి బురద విరుగుడు, చుక్క ఒకటే. చిత్రమేంటంటే 2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సుహైల్ అన్న పేరుని అధికారికంగా పక్క రాశిలోని ఇంకో చుక్కకి ఇచ్చేసింది. అరబ్బులు దక్షిణాన చాలా చుక్కల్ని సుహైల్ అనేవారు లెండి, అందుకని అలా కుదిరింది.

స్పెల్లింగు సంగతి మిగిలింది. అరబీలో ఓకారం లేదు, కాబట్టి మూలానికి దగ్గరది సుహైల్. ఉర్దూలో హకారం ముందు ఉకారం కాస్త ఓకారంలా పలుకుతుంది. మొహబ్బత్, మొహమ్మద్ అనడం అలాగే వచ్చింది. అలా సోహైల్ అయింది, మన నోట్లో సోహెల్ అయింది. 1996 ప్రపంచకప్‌లో బెంగళూరులో వెంకటేశ్ ప్రసాద్ వికెట్టు ఎగరగొట్టిన ఆమిర్ సొహైల్ దగ్గర్నుంచి బిగ్ బాస్ సోహెల్ దాకా మనం విన్నవి ఎక్కువగా ఈ రూపాలే. ఇమ్రాన్, అహ్మద్ లాగా వీధికి నలుగురుండే పేరు కాదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. సాహిల్ వేరే పేరు, ఒడ్డు అని అర్థం. అరబీలో దాని హకారమే వేరు, గొంతు లోపలి నుంచి వస్తుంది. మన లిపిలో రెండింటికీ ఒకటే హ కాబట్టి తెలుగులో చూసినవాళ్ళు అన్నదమ్ముల పేర్లనుకుంటారు. మీ కింది పోర్షన్ వాళ్ళని జనన ధ్రువపత్రం రాయించేటప్పుడే ఒక రూపం తేల్చుకోమనండి. అందులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే పాస్‌పోర్టు దగ్గర ఆ పిల్లాడికి ఏ సౌలతూ ఉండదు.