రొయ్యల చెరువు కాపలాకి కుక్కపిల్లని అడిగితే ఇవ్వొచ్చా?

కాలవగట్టు:
అమలాపురం దగ్గర మా చిన్న షెల్టరులో రెండున్నర నెలల ఊరకుక్క పిల్లలు తొమ్మిది ఉన్నాయండి, ఆరు ఆడవే. పెంచుకుంటామని ఫోన్లు బాగానే వస్తున్నాయి, సగం పైగా రొయ్యల చెరువుల కాపలాకే. రెండు పేజీల ఫారం ఇస్తే అందరూ అన్నిటికీ "అవును" అని టిక్కు పెట్టేస్తున్నారు. ఎవరికి ఇవ్వాలో ఎలా తేల్చుకోవాలి? చెరువంటే అసలు ఇవ్వకూడదా?

టీకాపుస్తకం:
తప్పు ప్రశ్నల్లోనే ఉందండి. "టీకాలు వేయిస్తారా?" అంటే ఎవరు కాదంటారు? "రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్తే అన్నం ఎవరు పెడతారు?" అని అడిగి ఊరుకోండి, వాళ్ళనే చెప్పనివ్వండి.

అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: "ఇంతకు ముందు కుక్క ఏమైంది?" ముసలిదై పోయిందంటే సరే. లారీ కింద పడిందంటే వెళ్ళి గేటు సందులు చూడాలి. పిల్లగా ఉండగానే వాంతులు, రక్త విరేచనాలై పోయిందంటే పార్వో (కుక్కపిల్లలకి వచ్చే వైరస్ జబ్బు) అనే అనుకోండి. ఆ వైరస్ మట్టిలో ఏడాది దాకా బతకగలదు. గచ్చయితే లిక్విడ్ బ్లీచ్ ఒక పాలుకి ముప్పై పాళ్ళు నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగొచ్చు. మట్టి వాకిట్లో అది పనిచెయ్యదు. అలాంటి ఇంటికి పదహారు వారాలు దాటి, టీకాల వరస పూర్తయిన కుక్కనే ఇవ్వండి.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాకే కదా. ఆ తేదీ పుస్తకంలో రాసి, ఇంట్లో ఎవరు తీసుకెళ్తారో కూడా అడగండి.

ఉప్పుగాలి:
చెరువుకి ఇవ్వకూడదని ఏం లేదండి. కాకపోతే కుక్కని అడిగేది చెరువు రైతు, అన్నం పెట్టేది కాపలా మనిషి. మీరు మాట్లాడాల్సింది ఆ రెండో ఆయనతో. రొయ్యల పట్టుబడి అయ్యి, చెరువు ఎండగట్టి, ఆయన వేరే చోటికి పోతే కుక్క ఎవరిది? దీనికి జవాబు రాకపోతే అక్కడితో ఆపెయ్యండి.

షెడ్డు చూడ్డానికి మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి. రేకుల కింద వేడి ఎంతో, తాగడానికి మంచినీళ్ళున్నాయో లేదో (చెరువు నీళ్ళు ఉప్పు), మేత బస్తాల పక్కన బ్లీచింగ్ పౌడరు మూత లేకుండా ఉందో, ఏరేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషను) కరెంటు తీగలు నేల మీద ఎలా పడున్నాయో అప్పుడు తెలుస్తుంది. పళ్ళు దురదపెట్టే పిల్ల తీగ కొరక్కుండా ఉండదు. పొట్టి గొలుసుకి రోజంతా కట్టెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను కింద నేరం. ఆ మాట ఒప్పంద కాగితంలో రాయించండి.

అయినా రెండున్నర నెలల పిల్ల ఏం కాపలా కాస్తుందండీ? ఏడాది దాటి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్క ఉంటే చూపించండి.

లంకదారి:
లంక ఊళ్ళ వాళ్ళని ఇంకోటి అడగాలి. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది. ఇల్లు ఖాళీ చేసే రోజున కుక్క కూడా పడవెక్కుతుందా, ఏటిగట్టు మీద ఎవరింట్లో ఉంటుంది?

అద్దె ఇల్లయితే ఓనరుతో మీరే ఫోనులో మాట్లాడండి. ఆడ కుక్కపిల్ల వద్దనేది ఈతలకి భయపడే. ఆరు నెలలప్పుడు ఆపరేషన్ చేయిస్తే ఆ గొడవ ఉండదని చెప్పి, కొంత డిపాజిట్ తీసుకుని, ఆపరేషన్ కాగితం చూపించాక తిరిగిచ్చెయ్యండి. మూడో రోజు, పదిహేనో రోజు వీడియో కాల్ చెయ్యండి. ఫొటో అయితే పాతది పంపేస్తారు. మొదటి పదిహేను రోజుల్లో వద్దనుకుంటే ఒక్క మాట అనకుండా వెనక్కి తీసుకోండి. తిడతారని భయమేస్తే చీకటి పడ్డాక చేపల మార్కెట్టు దగ్గర వదిలేస్తారు.

కాలవగట్టు:
ఆయ్, ఫారం ఒక్క పేజీ చేసేస్తాం. డిపాజిట్ ఎంత పెట్టమంటారు?

లంకదారి:
మీ దగ్గర ఆపరేషన్‌కి అయ్యే ఖర్చులో సగం. మరీ తక్కువైతే పోతే పోయిందని వదిలేస్తారు. కూలి పనికెళ్ళే ఇల్లయితే డిపాజిట్ అడక్కండి, ఆపరేషన్ రోజున మీరే బండి పంపండి.