నెల తప్పింది, రాయగడలో తొలిసారి డాక్టరు దగ్గరికి

కొత్త సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర. మావారి ఉద్యోగం కోసం రాయగడ వచ్చి రెండు నెలలైంది. నెల తప్పి పది రోజులు. పోపు వాసన వస్తే కడుపులో తిప్పుతోంది, మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తోంది. మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పవద్దని అత్తగారు అంటున్నారు. పుట్టింటికి వచ్చాక చూపించుకోవచ్చులే అని అమ్మ అంటోంది. నాకు ఒడియా ఒక్క ముక్క రాదు. పోయిన నెల 12న అనుకుంటాను, నెలసరి వచ్చింది. ఏం చేయమంటారు?

రాయగడలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న సభ్యురాలు:

చెల్లీ, మీ అత్తగారు చెప్పవద్దన్నది చుట్టపక్కాల గురించి. డాక్టరు చుట్టం కాదు కదా. ఇంట్లో గుట్టుగా ఉంచుకోండి, ఆస్పత్రికి మాత్రం ఈ వారమే వెళ్లండి.

ముందు మందుల దుకాణంలో పరీక్ష కిట్టు కొని, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో చూసుకోండి. రెండో గీత లేతగా కనిపించినా, పెట్టె మీద రాసిన వ్యవధిలోనే కనిపిస్తే కడుపుతో ఉన్నట్టే లెక్క. గంట తర్వాత మళ్లీ తీసి చూసి కంగారు పడవద్దు, ఎండిపోయాక వచ్చే గీతకు విలువ లేదు. గీత రాకపోతే వారం ఆగి మరోసారి చూడండి. నెల రావడానికని దుకాణంలో అడిగి మాత్రలు మింగే పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

మీరు చెప్పిన వికారం, నిద్రమత్తు, రొమ్ముల నొప్పి, మాటిమాటికీ మూత్రం, ఇవన్నీ తొలి గుర్తులే. అందరికీ అన్నీ రావు. నాకు వేవిళ్లే లేవు, అందుకని మా అమ్మ రెండు నెలలు నమ్మలేదు.

ఇక తేదీ. మీరు ఆస్పత్రికి తీసుకెళ్లవలసిన వాటిలో అన్నిటికన్నా విలువైనది అదే. కిందటిసారి నెలసరి మొదలైన రోజు నుంచి 280 రోజులు, అంటే తొమ్మిది నెలల ఏడు రోజులు లెక్కగట్టి కాన్పు తేదీ చెబుతారు. వారాలు కూడా ఆ రోజు నుంచే. గర్భం నిలిచేది దాదాపు రెండు వారాల తర్వాతైనా లెక్క మాత్రం ముందే మొదలవుతుంది. నేను పెళ్లయిన ఐదో వారంలో వెళితే ఏడు వారాలని రాశారు. మా అత్తగారి ముఖం చూడవలసింది! ఆ చీటీ పట్టుకుని ఇంటిల్లిపాదికీ ఈ లెక్క వివరించేసరికి నాకు నిజంగానే వాంతులు మొదలయ్యాయి. కాబట్టి 'అనుకుంటాను' వద్దు. ఆ రోజు ఏ పూజ మానేశారో, ఏ ప్రయాణం వాయిదా పడిందో గుర్తు చేసుకోండి. నెలసరి క్రమంగా రాకపోతే అదీ చెప్పండి, అప్పుడు స్కానింగులో కొలత చూసి సరిచేస్తారు.

ఆ లెక్కన మీకు ఇప్పుడే ఆరో వారం నడుస్తోంది. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం ఆరో వారం చివరికల్లా మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు అందవలసింది ఆ సమయంలోనే. మూడో నెలలో పుట్టింటికి వెళ్లాక మొదలుపెడితే ఆ గడువు దాటిపోతుంది. మూర్ఛకో, చక్కెరకో మందు వాడేవారికి ఇంకా ఎక్కువ మోతాదు ఇస్తారు. అందుకే ఇప్పటికే వాడుతున్న మందుల అట్టలన్నీ తీసుకెళ్లండి, సొంతంగా ఏదీ మానవద్దు.

భాష గురించి బెంగ వద్దు. రాయగడలో తెలుగు అర్థమయ్యేవారు ఎక్కడైనా కనిపిస్తారు. అయినా రెండు మాటలకు ముందే సిద్ధపడండి. నర్సు 'శేష మాసిక కేబె?' అని అడుగుతుంది. మాసికం అంటే మనకు పోయినవారికి పెట్టేది కదా, నేను తెల్లబోయాను. ఆమె అడిగింది చివరి నెలసరి ఎప్పుడని. ఆ వెంటనే 'ముండ బులాఉఛి కి?' అంటుంది. కోపం తెచ్చుకోకండి. ఒడియాలో ముండ అంటే తల. తల తిరుగుతోందా అని అడగడమే!

రక్తం తీసి హిమోగ్లోబిన్, గ్రూపు, చక్కెర, థైరాయిడ్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి చూస్తారు. మూత్రం కూడా. సికిల్ సెల్ అనే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు పరీక్ష చేయకపోతే మీరే అడగండి, ఈ ప్రాంతంలో అది తప్పనిసరి అంటాను. మీ రక్తంలో అది ఉన్నట్టు తేలితే మీవారికీ చేయాలి. మీది మేనరికమైతే అడగకపోయినా చెప్పండి. ఒడియా కుటుంబాలలో చాలామందికి ఆ అలవాటు లేదు, వాళ్లకు తట్టకపోవచ్చు. మీది నెగెటివ్ గ్రూపైతే మీవారి గ్రూపు కూడా అడుగుతారు.

స్కానింగుకు గుర్తింపు కార్డు పట్టుకెళ్లి, నీళ్లు తాగి వెళ్లండి. ఆడో మగో చెప్పడం 1994 చట్టం కింద నేరం, మీరూ అడగవద్దు.

ఆశా కార్యకర్తను కలిసి పేరు రాయించుకుంటే తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. పుట్టింటికి వెళ్లినా అదే కార్డు చూపించాలి. నాది ఒడియాలో రాసి ఉంటే విశాఖలో ఒకచోట పక్కన పడేసి పరీక్షలన్నీ మళ్లీ చేయించారు. అందుకని రిపోర్టులన్నీ విడిగా ఒక ఫైలులో పెట్టుకోండి. అంకెలు ఎవరికైనా అర్థమవుతాయి. బొప్పాయి సంగతి మీ అత్తగారికే వదిలేయండి, ఆ గొడవలో నేను దూరను.

గుణుపురం నుంచి ఒక సభ్యుడు:

అక్క చెప్పినదానికి తోడు ఒక మాట. అమ్మా, జ్వరం గర్భం గుర్తు కాదు. మన వైపు మలేరియా ఉంది, గర్భిణికి అది చాలా ప్రమాదం. చలిజ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. మా ఇంట్లో వేవిళ్ల నీరసమని రెండు రోజులు ఊరుకున్నాం, చివరికి మలేరియా అని తేలింది. దోమతెర లేకుండా పడుకోవద్దు. రక్తస్రావం అవుతున్నా, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రంగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి. మీవారిని కూడా ఇది చదవమనండి.

కొత్త సభ్యురాలు:

అక్కా, అన్నయ్యగారూ, ధన్యవాదాలు. పొద్దున రెండు గీతలు వచ్చాయి. మావారు చదివి దోమతెర కొనడానికి వెళ్లారు. రేపు ఆస్పత్రికి వెళుతున్నాము. తేదీ 12 కాదట, 9. ఆ రోజు మజ్జిగౌరమ్మ గుడికి బయలుదేరి, వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేశామని మావారే గుర్తు చేశారు.